పదహారు ఇసుక బస్తాలు

కొత్త బొగ్గు బాయిలో మనుషులను దించే బోను అదుపు తప్పి అడుగుకు వెళ్ళి పడ్డప్పుడు అందులో మనుషులెవరూ లేరు. పదహారు ఇసుక బస్తాలున్నాయి. ఎనిమిది మంది బరువుకు లెక్కగా, మనిషికి రెండు చొప్పున, గోదావరి ఇసుక నింపి తూచి పెట్టినవి. పైన చక్రం ఒక్కసారిగా కీచుమంది, ఇంజను గదిలోంచి ఎవరో కేక వేశారు, తర్వాత కాళ్ళ కింద నేల అదిరింది. అంతే. నేను లాంపు రూము కిటికీ దగ్గర నిలబడి ఉన్నాను. నా చేతిలో మా మేనమామ ఓదెలు దీపం ఉంది. దాన్ని అంతకు పది నిమిషాల ముందే ఆయనకు ఇవ్వవలసింది. ఇచ్చి ఉంటే బోనులోంచి బస్తాలు దించి, ఆయనతో పాటు మరో ఏడుగురు అందులో ఎక్కి ఉండేవారు.

ఎక్కి ఉంటే ఏమయ్యేదన్నది మాత్రం కాలనీలో ఎవరూ తేల్చలేకపోయారు. నలభై ఏళ్ళు పత్రికల్లో పనిచేసి, ఊళ్ళో వాళ్ళ ప్రమాదాలన్నీ రాసిన నేను ఈ ఒక్కదాని అసలు సంగతి రాయలేదు. అత్త బతికి ఉండగా రాయడం కుదరదనుకున్నాను. మొన్న అత్త దినాలకు నస్పూర్ వెళ్ళినప్పుడు, ఆమె ఇనుప పెట్టెలో చీరల అడుగున ఒక అట్ట నోటుబుక్కు దొరికింది. పైన నా చేతిరాత: ‘ఆదివారం చర్చలు’. అత్తకు చదువు రాదు. ఆ పుస్తకం ఆమె దగ్గరికి ఎలా వచ్చిందో, ఎందుకు దాచిందో చెప్పేవాళ్ళు లేరు. తెరిస్తే మొదటి పుటలోనే ఆ కాలపు భాషలో రాసుకున్న విషయం కనిపించింది: ‘చంద్రుని మీదికి మనిషి పోవలెనా, యంత్రము పోవలెనా?’

మా కాలనీ మంచిర్యాల స్టేషనుకు అవతల, నస్పూర్ దాటిన తర్వాత ఉండేది. గనిని అందరూ బాయి అనేవారు. పాత బాయి ఏటవాలు సొరంగం. మనుషులు నడిచి దిగాలి, నడిచి ఎక్కాలి. పని చోటు దూరమైన కొద్దీ పోను రాను నడకకే రెండు గంటలు పట్టేది. నేను మెట్రిక్ అయ్యాక మా ఊరు వదిలి ఓదెలు మామ ఇంట్లో ఉండి, అదే బాయి లాంపు రూములో గుమస్తాగా చేరాను. కార్మికుడు ఇత్తడి బిళ్ళ ఇస్తాడు, నేను దీపం ఇస్తాను. సాయంత్రం దీపం తిరిగొస్తుంది, బిళ్ళ వెళ్ళిపోతుంది. గోడకు బిళ్ళ మిగిలిపోయిందంటే లోపల మనిషి మిగిలిపోయాడని అర్థం. చెయ్యడానికి ఇంతకంటే తేలికైన పనీ, నిద్రలో కూడా వెంటాడే పనీ నాకు తర్వాత దొరకలేదు. మిగిలిన వేళల్లో హైదరాబాదు దినపత్రిక ఒకదానికి కాలనీ వార్తలు పంపేవాణ్ణి.

ఓదెలు మామ సర్దారు. ప్రతి షిఫ్టుకూ అందరికంటే ముందు లోపలికి పోయేది ఆయనే. చేతిలో ఒత్తి దీపం, మరో చేతిలో తుమ్మకర్ర. గ్యాసు ఉంటే దీపం మంట మీద నీలి టోపీ లేస్తుంది. పైకప్పు బండను కర్రతో తట్టి వింటాడు. గట్టి బండ గంటలా మోగుతుంది, వదులు బండ డోలులా పలుకుతుంది. అంతా బాగుంటే సుద్దముక్కతో బండ మీద ‘ఓ’ అని రాసి, తేదీ వేసి వస్తాడు. ఆ అక్షరం చూశాకే మిగతావాళ్ళు తట్టా, బొగ్గెత్తే చెమ్మసూ దించేవారు. నిజాం కాలపు ఉర్దూ బడిలో రెండేళ్ళు కూర్చున్న ఆయనకు తెలుగులో రాయడం వచ్చిన అక్షరం దాదాపు అదొక్కటే. తేదీ మాత్రం ఉర్దూ అంకెల్లో వేసేవాడు.

ఈ అలవాటు ఆయన ఇంటికి కూడా మోసుకొచ్చేవాడు. ఎవరింటికి చుట్టపుచూపుగా వెళ్ళినా, చెంబెడు నీళ్ళు తాగే ముందు కర్రతో దూలం తట్టేవాడు. ఒక పెండ్లిలో పందిరి గుంజ తట్టి “ఇది నిలువది” అన్నందుకు పెండ్లివారితో గొడవైంది. సాయంత్రం అత్త వాకిట్లో బొగ్గుల పొయ్యి మీద గుండిగెడు నీళ్ళు కాగబెట్టి ఉంచేది. కాలనీ మొత్తం ఆ వేళకు ఒకటే వాసన: తడి బొగ్గు పొగ, ఎర్ర సబ్బు, ఎవరింట్లోనో మాడుతున్న సర్వపిండి. మామ ఒళ్ళు కడుక్కుంటే నీళ్ళు మూడుసార్లు నల్లగా పోయి నాలుగోసారి తేటపడేవి. కళ్ళ అంచున మిగిలే నలుపు ఎన్నటికీ పోయేది కాదు, కాటుక పెట్టుకున్నట్టు ఉండేది. జొన్న గటుక ముందు పెట్టుకుని మామ మొదటి ముద్ద తీసి పక్కన పెట్టేవాడు. అది బాయిని కాచే దేవత మైసమ్మది. కొత్త గింజలొచ్చినా, కొత్త కుండ వచ్చినా మొదటిది మైసమ్మదే. ఈ లెక్క తప్పితే అత్త ఊరుకునేది కాదు.

కాలనీ బడికి ఆనుకుని ఒక చదువుల గది ఉండేది. రేకుల కప్పు, రెండు బల్లలు. పత్రికలు రైల్లో ఒక రోజు ఆలస్యంగా వచ్చేవి. ఆదివారం మధ్యాహ్నం బడి సైన్సు సారు కిషన్‌రావు వాటిలోని సంగతులు చదివి చెప్పేవారు. జగిత్యాల దగ్గరి భూస్వాముల ఇంటి మనిషి. అన్నదమ్ములు వ్యవసాయం చూసుకుంటుంటే ఆయన ఇక్కడికొచ్చి అట్టముక్కలతో రాకెట్లు చేసి పిల్లలకు చూపిస్తుండేవారు. ఆ రోజుల్లో పత్రికల నిండా ఆకాశమే. అమెరికాలో ముగ్గురు, రాకెట్టు ఇంకా నేల మీద ఉండగానే, పరీక్షలో కాలిపోయిన వార్త వచ్చిన ఆదివారం గది నిండిపోయింది. గనివాళ్ళకు మూసిన గదిలో మంట అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు.

“అందుకే నేను చెప్పేది,” అన్నారు కిషన్‌రావు సారు. “మనిషిని పంపాల్నంటే గాలి పంపాలె, నీళ్ళు పంపాలె, బువ్వ పంపాలె. మళ్ళ ఆయనను వాపస్ తేవాలె. రాకెట్టు బరువంత ఆయనను తెచ్చుటానికే. యంత్రం పోతె పోయింది. దానికి పెండ్లాం పిల్లలున్నరా?”

ఓదెలు మామ గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కర్ర మోకాళ్ళ మీద అడ్డంగా ఉంది. “గాలి కొలిచే డబ్బ గాలినే కొలుస్తది సారూ,” అన్నాడు. “బండ సంగతి దానికేం తెలుసు? నువ్వు దేని కోసమని పంపినవో అదే చూసుకొస్తది. మనిషిని పంపితె, నువ్వు అడగనిది సుత చూసుకొస్తడు.”

“చూసుకొస్తడు, వస్తె.”

“రాకపోతె రాలే. నేను రోజు పోతలేనా?”

వెనక గుమ్మం దగ్గర ఆడవాళ్ళు చాటల్లో తునికాకు పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. వాళ్ళలోంచి మా అత్త తలెత్తకుండానే అంది: “చంద్రుని మీదికి పోయినోడైన బువ్వ యాళ్ళకు ఇంటికి రావాలె గద. రానోని కథ ఎవలు చెప్తరు?” గది నవ్వింది. మామ నవ్వలేదు. అత్త తమ్ముడు పాత బాయిలో బండ కింద పోయాడని నవ్విన వాళ్ళలో సగం మందికి తెలుసు.

మనిషా యంత్రమా అన్నది ఒక ఎత్తయితే, ఏ బండి మీద పోవాలన్నది మరో ఎత్తు. నోటుబుక్కులో దీనికే నాలుగు ఆదివారాలు పట్టినట్టుంది. సారు మూడు దారులు బోర్డు మీద గీశారు. ఒకే పెద్ద రాకెట్టు చంద్రుని మీద దిగి అదే తిరిగి రావడం. రెండు చిన్నవి విడిగా ఎగిరి పైన కలుసుకోవడం. లేదా పెద్ద ఓడను చంద్రుని చుట్టూ తిప్పుతూ ఉంచి చిన్న పడవలో కిందికి దిగడం. సారుకు మొదటిదే నచ్చింది. పైన చీకట్లో రెండింటిని కలపడం, ఒకదాన్నుంచి ఒకటి విడదియ్యడం ఆయనకు నమ్మకం లేదు. అమెరికా వాళ్ళు మూడోదాన్ని ఎన్నుకున్నారని చదివి తల ఊపారు. మామకు మాత్రం అది చెప్పగానే అర్థమైంది. “పెద్ద టబ్బు బండిని బొగ్గు కాడిదాక ఎవడు తోల్తడు సారూ? దాన్ని మలుపు కాడ నిలవెట్టి తట్టతోని పోతం. మాకు తెలిసిన పనే గదా గిది.”

రాజేశం అని ఒకడు సిరిసిల్ల నుంచి వచ్చినవాడు. తాతల నాటి మగ్గం పని వదిలి బాయిలో ఇనుప తాళ్ళు అతికే పనిలో చేరాడు. పోగుల మీద పెరిగిన వేళ్ళు ఇనుప తీగల మీద కూడా అలాగే నడిచేవి. రష్యా వాళ్ళు తమ రాకెట్టును బయటపెట్టిన ఫొటో పత్రికలో వస్తే, అడుగున ఉన్న గొట్టాలను వేలితో లెక్కపెట్టాడు. ఇరవై దాకా తేలాయి. ఆనందపడిపోయాడు. “సూడుండ్రి. ఒక్క లావు తాడుకంటె నూరు పోగుల తాడు మేలని నేను చెప్తనే ఉన్న. ఒక పోగు తెగితె తొంబై తొమ్మిది ఉంటయ్.”

“ఒక ఇంజను పేలితె పక్క ఇంజను ఊకుంటదా రాజేశం? పోగు తెగుతది గని పేలది,” అన్నారు సారు.

రాజేశం కాసేపు ఆలోచించి, “గా ముచ్చట నిజమే,” అని ఒప్పుకున్నాడు. కానీ రష్యా మనిషి ఒకాయన దిగేటప్పుడు గొడుగు తాళ్ళు చిక్కుపడి నేలకు కొట్టుకుని చనిపోయాడన్న వార్త సారు గుర్తు చేసినప్పుడు మాత్రం అతను చర్చ మధ్యలోనే లేచి వెళ్ళిపోయాడు. చిక్కుపడిన దారం వల్ల మనిషి చావడం అతనికి తన కులానికే అవమానంగా తోచినట్టుంది.

ఈ మాటలు నడుస్తుండగానే కొత్త బాయి తయారైంది. అది నిట్టనిలువు బాయి. పైన చక్రం, తాడు, తాడుకు ఇనుప బోను. నడక రెండు గంటలు రెండు నిమిషాలవుతుందని ఇంజనీరు చెప్పాడు. తాడు కొస బిగించింది రాజేశమే. ఇసుక బస్తాలతో బోనును కొన్ని రోజులు పైకీ కిందికీ నడిపారు. ఎక్కడా తేడా రాలేదు. ఇక మనుషులు ఎక్కాలి. ఎవరు ముందు ఎక్కాలన్న మాట రాగానే ఎవరూ ముందుకు రాలేదు.

ఆ ఆదివారం చదువుల గదిలో కిషన్‌రావు సారు చర్చ మధ్యలో ఆగి, కళ్ళద్దాలు తుడుచుకుంటూ అడిగారు: “ఓదెలూ, చంద్రుని సంగతి తర్వాత చూద్దాం. ఈ బోనుల మొదలు ఎక్కేది ఇసుకనా, మనిషా?”

“ఇసుక ఎక్కి దిగింది గద సారూ. ఏమన్న చెప్పిందా? తాడు ఎట్ల గుంజుతున్నదో, యాడ అదురుతున్నదో ఇసుకకు తెల్వది. తొవ్వ పొడుగున గంట తీగ ఉన్నది. మనిషైతె గుంజుతడు, పైన ఇంజను ఆపుతరు. నేనే ఎక్కుత.”

“మాటేనా?”

“నేను ‘ఓ’ పెట్టినంక ఎన్నడన్న తుడిచిన్నా?”

ఎగతాళికి అడిగిన మాట ఒప్పందమైపోయింది; మామ ఎక్కుతాడని విని మరో ఏడుగురు ముందుకొచ్చారు. మామ లేచి వెళ్తూ, అలవాటుగా కర్రతో గది దూలం తట్టాడు. అత్త చాటలోని ఆకులు దులుపుకుని ఆయన వెనకే వెళ్ళింది. ఆ సాయంత్రం ఇంట్లో మామ ముద్ద తీసి పక్కన పెట్టాడు, తిన్నాడు, పడుకున్నాడు.

తర్వాత రెండు రోజులు వాన. బోను బాయి మూతి దగ్గరే వేలాడుతూ ఉంది, బస్తాలు అందులోనే ఉన్నాయి. మూడో రోజు వాన తెరిపిచ్చింది. పొద్దున్నే మైసమ్మకు మేకను కోసి, కొబ్బరికాయ కొట్టి, తాడుకు పసుపు రాసి మనుషులను దించాలని అనుకున్నారు. నేను డ్యూటీకి బయలుదేరుతుంటే అత్త సద్ది గిన్నె మూత పెడుతూ నా వైపు చూడకుండా అంది: “కొడుకా, మీ మామ లాంపు జర ఆలస్యంగ ఇయ్యి.”

“ఎందుకత్తా? ఇసుకతోని ఎన్నిసార్లు నడిపిండ్రు.”

“నడిపిండ్రు. అవి మైసమ్మకు మేక ముట్టకముందు నడిపినయ్. ముట్టినంక మొదటిది ఎవలది? ఆమెది. మొదటి ముద్ద పక్కకు పెట్టెటోడు మొదటి బోను తనే ఎక్కుతడట. ఒక్కసారి ఇసుకనే పోనియ్యి. తర్వాత ఆయన పోతడు, నేను అడ్డం రాను.”

“మామకు తెలిస్తే?”

“తెల్వనియ్యకు.”

లాంపు రూము కిటికీ దగ్గర మామ తన బిళ్ళ పెట్టి నిలబడ్డప్పుడు ఒత్తి మసి పట్టిందన్నాను. అద్దం తుడిచాను, మళ్ళీ తుడిచాను. దీపం లేకుండా సర్దారు లోపలికి పోరాదన్నది నియమం. కనుక ఆయన ఆగాడు. బాయి మూతి దగ్గర పసుపు తాడు కింద జనం ఎదురుచూస్తున్నారు. ఇంజనీరు రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. సర్దారు రాలేదు, బస్తాలు దించడం మొదలు కాలేదు. “ఇంజను ఊరికే ఎందుకు? బస్తాలు దించేముందు ఒకసారి నడపండి,” అని ఇంజనీరు కేకవేయడం నాకు వినిపించింది. నేను తలెత్తలేదు. అద్దం తుడుస్తూనే ఉన్నాను. తర్వాత చక్రం కీచుమంది.

జనమంతా మూతి వైపు పరుగెత్తారు. మామ పరుగెత్తలేదు. కిటికీలోంచి చెయ్యి పెట్టి దీపం తీసుకుని, ఒత్తి పైకి తిప్పి చూశాడు. “ఒత్తి మంచిగనే ఉన్నది,” అన్నాడు. ఆయన దీపం కిటికీ గట్టు మీద పెట్టి, తన బిళ్ళ తనే మేకు నుంచి తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఈ విషయం నన్ను అడగలేదు. అత్తను అడిగాడో లేదో నాకు తెలియదు.

నేను ఆ సాయంత్రమే వార్త రాసి పంపాను. ప్రాణనష్టం లేదు కనుక పత్రికవాళ్ళు వెయ్యలేదు. ఆ సూత్రం సరైనదేనని నేను కూడా తర్వాత ఎందరో కుర్ర విలేకరులకు చెప్పాను.

తాడు తెగలేదు. రాజేశం దాన్ని మూరమూరా చేతితో తడిమి చూసి ఆ మాట చెప్పాడు. బ్రేకు పట్టలేదన్నారు. ఎందుకు పట్టలేదంటే వానకు తడిసిందని ఒకరు, బరువు ఎక్కువైందని ఒకరు. కాలనీ రెండు ముక్కలైంది. మనుషులుంటే ఎనిమిది పీనుగులు లేచేవని సగం మంది అన్నారు. మిగతా సగం, మనుషులుంటే మొదటి అదురుకే గంట గుంజేవాళ్ళని, ఇసుక నోరులేనిది కనుకనే బోను పోయిందని వాదించారు. అత్త ఏ మాటలోనూ దూరలేదు. మైసమ్మ గద్దె కాడికి ఒక మంగళవారం పోయి దీపం పెట్టి వచ్చింది.

చలికాలంలో చదువుల గదిలో చర్చ మళ్ళీ చంద్రుని దగ్గరికి వచ్చింది. అమెరికా పెద్ద రాకెట్టు రెండుసార్లు మనుషులు లేకుండా ఎగిరింది. రెండోసారి విపరీతంగా ఊగింది, రెండు ఇంజన్లు దారిలోనే ఆగిపోయాయి. అయినా మూడోసారే ముగ్గురిని ఎక్కించి ఏకంగా చంద్రుని దాకా పంపుతారని వార్త. సరా తప్పా అన్నది ఆనాటి విషయం. అందరూ సారు కాదంటారని, మామ ఔనంటాడని అనుకున్నారు. జరిగింది వేరు. కిషన్‌రావు సారు లేచి బోర్డు మీద ఇసుక లెక్క వేశారు. ఎండిన బస్తాకంటే తడిసిన బస్తా చాలా బరువు. బస్తాలు రెండు రోజులు వానలో నానాయి. అంటే ఆ రోజు బోనులో ఉన్నది ఎనిమిది మంది బరువు కాదు, అంతకంటే ఎక్కువ. “ఓదెలూ, నేను తప్పు. నువ్వు ఎక్కితే తక్కువ బరువుంటుండె. బ్రేకు పడుతుండె. గంట సుత ఉండె. నువ్వు దిగి వస్తుంటివి. అమెరికా వాళ్ళు కూడా పోనీ, మూడోసారికే పోనీ.”

మామ కర్ర మీద గడ్డం ఆనించి బోర్డు వైపు చూశాడు. “నేనుంటే గంట గుంజుతుంటినో, భయంతోని పక్కోని నడుము పట్టుకుంటుంటినో ఎవలకెరుక సారూ,” అన్నాడు. “ఇంకోసారి ఖాళీదే పంపుమనుండ్రి. ఏం తొందర?”

ఇద్దరూ వాదంలో ఒకరి చోటు ఒకరు మార్చుకుని కూర్చున్నారు. వాళ్ళకది వింతగా తోచలేదు. ఓట్లు తీసుకున్నాను. సమానంగా వచ్చాయి. ఆ ముగ్గురూ చంద్రుని చుట్టి క్షేమంగా వచ్చిన వార్త అందిన ఆదివారం మామ చదువుల గదికి రాలేదు. సరిచేసిన బోను అప్పటికే మనుషులను దించుతోంది, అందులో రోజూ మొదట ఎక్కేది ఆయనే. నోటుబుక్కు ఆ రోజుల్లోనే బల్ల మీద నుంచి మాయమైంది.

ఇప్పుడు మన దేశం కూడా మనిషిని పైకి పంపే పనిలో ఉంది. ముందు ఖాళీగా, తర్వాత బొమ్మను కూర్చోబెట్టి, ఆ తర్వాతే మనిషిని అంటున్నారు. ఎగిరిన రాకెట్టు తిరిగొచ్చి కాళ్ళ మీద నిలబడడం మనవలు ఫోనులో చూపిస్తారు. టీవీ చర్చలో నలుగురు పెద్దలు ఇదే విషయం మీద ఒకరి మాట ఒకరు విననివ్వకుండా అరుస్తుంటారు. వాళ్ళకు మా వాళ్ళకంటే ఎన్నో రెట్లు ఎక్కువ తెలుసు. వాళ్ళలో ఎవరూ మర్నాడు పొద్దున బోను ఎక్కవలసినవాళ్ళు కారు. మా వాళ్ళు వాదించిందంతా పత్రికలో సగం అర్థమైన సంగతుల మీద, కానీ ప్రతి మాటా వాళ్ళ ఒంటి మీదుగా పోయేది. ఏది మేలని నేను చెప్పను. తేడా చెబుతున్నాను.

దినాల తర్వాత తిరుగు రైలులో నోటుబుక్కు మరోసారి తిరగేశాను. సారు వేసిన లెక్క నా చేతిరాతలో ఉంది. ఎండిన బస్తా బరువు ఉంది, మనుషుల బరువు ఉంది. తడిసిన బస్తా బరువు దగ్గర ఆయన ఒక అంకె ఊహించి రాయించి, పక్కన ప్రశ్నగుర్తు పెట్టించారు. బస్తాలు బాయి అడుగున పగిలిపోయాయి, ఇసుక ఊటనీళ్ళలో కలిసి పంపుల్లోంచి బయటికి పోయింది. వాటిని వానకు ముందు తూచారు. తడిసిన తర్వాత ఎవరూ తూచలేదు.